అత్త మగ్గం ఖాళీ చేసిన రోజు

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కొయ్యలో జంతువులు చెక్కుతాడు. అత్త మగ్గం మీద గోడకు వేలాడదీసే అడవులు నేసేది. ధర్మపురిలో వాళ్ల ఇంటి ముందుగదిలోనే రెండు పనులూ సాగేవి. ఊరి పక్క చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఆ చదువుతో పనిలేని ఉద్యోగం వెతుక్కుంటూ, నేను ఆ గదిలో అడ్డంగా కూర్చునేవాణ్ణి.

చివరి అడవి నేసేటప్పుడు రోజురోజుకీ పచ్చ తగ్గి నలుపు పెరిగింది. చెట్లే తప్ప ఒక్క ప్రాణీ లేదు.

"జంతువులేవి అత్తా?"

"ఉండాయి."

"నాకు అగపడలేదే?"

"వాటికి నువ్వు అగపడతాండావు కదప్పా. చాల్లే."

ఆ రోజు నుంచి మగ్గానికి వీపు పెట్టి కూర్చోవడం మానేశాను. గాలి అటువైపు బాగా రాదు, అంతకుమించి ఏమీ లేదు.

ఊళ్లో ఒక ప్రదర్శనకు ఇద్దరినీ పిలిచారు. ముందురోజు అత్త మొక్కు తీర్చుకోవడానికి తీర్థమలై బయల్దేరుతూ, "అడవిని కోసేటప్పుడు మగ్గంలో మూరెడు దారం వదిలిపెట్టు" అని నాకు చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. పొదుపు కోసమని నేనే తేల్చుకున్నాను. కిందంచుకు పొడవాటి కుచ్చులుంటే అందంగా ఉంటుందని, మగ్గంలోని దారాలన్నీ మొదలంటా లాగి ముడులు వేశాను.

ప్రదర్శనలో కుచ్చులను అందరూ మెచ్చుకున్నారు. అడవి ముందు మామ ఎలుగునూ పందులనూ నిలబెడితే, జనం అవసరమైన దానికన్నా రెండడుగులు దూరంగా నిలబడి చూశారు.

మరునాడు అత్త వచ్చి మగ్గం ముందు నిలబడింది.

"అంతా తీసేసినావా?"

"కుచ్చులకు, అత్తా."

"సరి."

తిట్టలేదు. తిట్టి ఉంటే అరగంటలో అయిపోయేది.

సంగతి మామ చెప్పాడు. కొత్త పడుగు వేసేటప్పుడు ఒక్కో దారాన్నీ మగ్గంలో మిగిలిన పాత దారం కొసకు మెలిపెట్టి లాగుతారు. పాతది దారి చూపిస్తుంది, కొత్తది వెంట పోతుంది. ఆ మగ్గంలో మా అమ్మమ్మ కాలం నుంచి దారానికి దారం అలా తగులుకుంటూనే వచ్చింది. మొదటినుంచి దూర్చాలంటే, ఏ దారం ఏ కంతలోకో వరస తెలిసిన ముసలాయన పోయిన ఏడు చనిపోయాడు. అత్తకు కళ్లలో పొర.

"ఇంకెవురికీ తెలీదా మామా?"

"తెలిసుంటే నీతో ఎందుకు మాట్లాడతాను?"

నాలుగు రోజులు నేనే దూర్చాను. అత్త వేళ్లతో తడిమి చూసి, "నేసేదానికి కాదు, పిండి జల్లించేదానికి బాగుంటాది" అంది. తర్వాత ఆ దారాలన్నీ తనే తీసేసింది. అయినా పొద్దున్నే వచ్చి మగ్గం దగ్గర కూర్చుంటుంది. కాళ్లు తొక్కుతూనే ఉంటాయి. ఖాళీ మగ్గం చప్పుడు నేసే మగ్గం చప్పుడు కన్నా పెద్దది.

నిన్న ఆమె వంటింట్లో ఉన్నప్పుడు మామ ఉలి చేతిలో పట్టుకునే వచ్చి, మగ్గం గుంజను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మొద్దులు కొనేటప్పుడు అలాగే వింటాడు.

"టేకు కదప్పా. ఇట్లాంటిది ఇప్పుడు దొరకదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"చెదలు పట్టినట్టుండాది మామా" అన్నాను.

పట్టలేదు. అది ఆయనకూ తెలుసు. చేతిలో ఉలి మాత్రం కింద పెట్టలేదు.