మళ్ళీ నల్లబడింది

నా మనవరాలు మళ్ళీ నల్లబడింది. ఈ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కనబడిన ప్రతివాళ్ళకీ నేనే ముందుగా చెబుతున్నాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. చూడనీ.

మా ఇంట్లో రంగు పిచ్చి ఎవరికైనా ఉందంటే అది నాకే. అమ్మాయి కాన్పుకి రావులపాలెం దగ్గర ఉన్న మా ఊరికి వచ్చింది. నర్సు పిల్లని బట్టలో చుట్టి చేతికిస్తే, కాళ్ళూ చేతులూ చూడాల్సింది పోయి చెవి అంచులు చూశాను. పుట్టినప్పుడు అవి ఏ రంగులో ఉంటే పెద్దయ్యాక పిల్ల ఆ రంగంటారు. అచ్చం అల్లుడి నలుపే. ఇంటికి రాగానే సున్నిపిండి మర పట్టించి, నీళ్ళు పోసే ముసలావిడకి కబురు పెట్టాను.

ఐదో నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి పట్టిసీమ వెళ్ళాం. గుడి చూసుకుని, అక్కణ్ణుంచి ఏజెన్సీ వైపు ఉన్న చుట్టాలింట్లో రెండు రోజులున్నాం. గుండు మీద దోమకాట్లు కనిపిస్తే కొబ్బరినూనె రాసి ఊరుకున్నాం.

ఇంటికొచ్చిన రెండు వారాలకి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. పళ్ళొచ్చే జ్వరమని నేనే తేల్చేశాను. ఒకరోజు తగ్గేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. ఈలోగా నేను కోరుకున్నది జరగడం మొదలైంది. పిల్ల రోజురోజుకీ తెల్లబడుతోంది! పొంగిపోయాను. ఫోటోలు తీసి, మా రంగే వచ్చేసిందని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దిష్టి తగులుతుందని ఎండుమిరపకాయలు కూడా తిప్పి పడేశాను.

ఒకరోజు ముసలావిడ పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ చెయ్యి ఆపేసింది.

"అమ్మగారండీ, ఇది రంగు కాదండి."

"మరేంటి?"

"నా సున్నిపిండికి అంత సత్తువుంటే ముందు నేనే తెల్లబడుదునండి. ఇదివరకు నీళ్ళు పోస్తే ఏడ్చి ఇల్లెగరగొట్టేది. ఇప్పుడు మూలుగుతుందే గానీ ఏడవట్లేదండి. డాక్టరుగారికి చూపించండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకళ్ళని చూసుకుంటాను" అని కసిరాను. ఆవిడ పిల్లని తుడిచి మా అమ్మాయి ఒళ్ళో పడుకోబెట్టింది. పిల్ల అరచెయ్యి తెరిచి మా అమ్మాయి అరచేతి పక్కన పెట్టింది. ఒకటి ఎర్రగా ఉంది. రెండోది సున్నం వేసిన గోడలా ఉంది. అమ్మాయి వెంటనే కారు తీయించింది.

రాజమండ్రిలో పిల్లల డాక్టరమ్మ పిల్ల కింది రెప్పలు లాగి చూసింది, పొట్ట నొక్కి చూసింది, మడమ దగ్గర పొడిచి రక్తం తీయించింది. పరీక్ష కాగితం రాగానే మమ్మల్ని పిలిచింది.

"మలేరియా అండి. ఆ క్రిమి రక్తంలో చేరి ఎర్రకణాల్ని పగలగొట్టేస్తోంది. ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. ఇప్పుడే ఎక్కించాలి, ఇంకా ఆగితే గుండె తట్టుకోలేదు." తర్వాత నా వైపు తిరిగి, "ఇంతలా పాలిపోతుంటే ఎవరూ గమనించలేదా అమ్మగారూ?" అంది.

గమనించాం. ఫోటోలు కూడా తీశాం.

ఒక చిన్న సంచి నిండా ఎవరిదో రక్తం. సన్నటి గొట్టంలోంచి చుక్క చుక్కగా దిగుతోంది. పిల్ల పక్కన కుర్చీలో కూర్చుని దాని చెవులే చూశాను. అది పుట్టిన రోజున మూతి ముడుచుకుని చూసిన చెవులే. దేవుడా, ఆ రంగు తిరిగిచ్చెయ్యి, ఇంకేమీ అడగను అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక అంచుల్లో కాస్త ఎరుపు వచ్చింది. నర్సు సూది సర్దుతుంటే పిల్ల ఒక్కసారిగా కెవ్వుమంది. పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లతో పాటు నేనూ బావురుమన్నాను.

మందులు పూర్తయ్యాక మళ్ళీ పరీక్ష చేసి, క్రిమి జాడ లేదన్నారు. ఇంటికొచ్చిన మర్నాడు నేనే ముసలావిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, "నాకు బుద్ధి లేదు, నువ్వు రావాలి" అన్నాను. ఆవిడ చీర కొంగు బిగించుకుని నాతో వచ్చేసింది.

పిల్లని కాళ్ళ మీద వేసుకుని, అరచెయ్యి తిప్పి చూసి, "సున్నిపిండి డబ్బా ఏదండీ?" అంది నవ్వుతూ.

"కాలవలో పారబోశాను."

చెంబుడు నీళ్ళు పడగానే పిల్ల ఇల్లెగరగొట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయేమోనని మా అమ్మాయి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏడవనీ" అన్నాను. "ఎంతసేపైనా ఏడవనీ."