మా కంప్యూటరుకు మాటలొచ్చిన ఆవకాయల కాలం

మా ఎదురింటి టీచరుగారు ఆ క్యాసెట్టును తీసుకొచ్చిన తీరు చూస్తే ఆమె బ్యాంకు లాకరును పెకలించి తెస్తున్నారేమో అనిపించింది. క్యాసెట్టును చేతిరుమాలులో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కొంగు చాటున దాచి, వీధి దాటే ముందు అటూ ఇటూ చూశారు. ఆ మధ్యాహ్నం వేళ మా వీధిలో తిరిగేది ఒక గేదె మాత్రమే. దానికి కూడా దారిచ్చి మరీ మా వసారా ఎక్కారు.

"మాస్టారూ, మీ కంప్యూటరు క్యాసెట్లలో ఉన్నవి సీడీల్లోకి ఎక్కిస్తుందటగా" అని అడిగారు.

"ఎక్కించడమా టీచరుగారూ, అడిగితే దింపుతుంది కూడా" అన్నాను నేను.

వంటింట్లో మా ఆవిడ దగ్గింది. ఆ దగ్గుకు కారణముంది. మా కంప్యూటరు నోట అప్పటికి ఒక్క చప్పుడు కూడా ఎవరూ వినలేదు.

ఇరవయ్యొకటో శతాబ్దం కొత్తగా వచ్చిన రోజులవి. తిరువూరులో ఒకే బళ్ళో నేను లెక్కలు, టీచరుగారు సైన్సు చెప్పేవాళ్ళం. టీచరుగారి అమ్మగారిది రెడ్డిగూడెం. ఆవకాయ పెట్టడంలో ఆ పెద్దావిడ కీర్తి మామిడితోటల సరిహద్దులు దాటి, గంపలగూడెం మీదుగా ఖమ్మం జిల్లాలో ప్రవేశించి, అక్కడ కూడా ఆగలేదని వినికిడి. ఒక వేసవిలో టీచరుగారు కొత్తగా టేపురికార్డరు కొని, ఆవకాయ ఎలా పెట్టాలో అమ్మ చేత చెప్పించి రికార్డు చేసుకున్నారు. తర్వాత పెద్దావిడ పోయారు. ఆ క్యాసెట్టు వినాలని ఒకనాడు పెడితే టేపురికార్డరు రీలును పట్టుకుని కరకర నమిలేసింది. టీచరుగారు మరలు విప్పి, చిక్కు తీసి, పెన్సిలు దూర్చి తిప్పి రీలును మళ్ళీ లోపలికి చుట్టారు. కానీ నలిగిన చోట నలిగింది.

"ఇంకొక్కసారి తిరుగుతుందేమో మాస్టారూ. ఆ తర్వాత నమ్మకం లేదు. అమ్మ ఫొటోలైతే ఉన్నాయి, గొంతు మాత్రం ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు" అన్నారు. డబ్బా మూత పెట్టి, "కాయలొచ్చేలోపు అవుతుందా?" అని అడిగారు.

"కాయల సంగతెందుకు, పిందె పడేలోపు చేసేస్తాను" అన్నాను. అప్పటికే చెట్లకి పిందెలు గోళీలంత ఉన్నాయి.

ఇక మా కంప్యూటరు గురించి చెప్పాలి. అందరి ఇళ్ళలో ఉండే సిస్టమే మా ఇంట్లోనూ ఉండేది. వైరసులొచ్చి అది చచ్చిపోయింది. పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలో లినక్స్ అనే ఇంకో సిస్టం కనబడితే దాన్ని ఎక్కించాను. ఉచితంగా వచ్చిందనే కాదు, తిరువూరు నుంచి నెమలి ఊళ్ళోని గుడి దాకా ఇంకెవరి దగ్గరా లేదన్న గర్వం కూడా కలిసింది. మీట నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు కట్టలేటికి వరదొచ్చినట్టు కిందకి పారేవి. ప్రతి వరుస చివరా ఆకుపచ్చ అక్షరాల్లో 'సరే' అని వచ్చేది. వీధిలోవాళ్ళు పని మానుకొని దాన్ని చూడటానికి వచ్చేవారు. నేను మార్కుల జాబితా చదివినట్టు చదివి వినిపించేవాణ్ణి. కీబోర్డు పాసు, గడియారం పాసు, డిస్కు పాసు. ఒక్క సౌండు మాత్రం ఎర్ర అక్షరాల్లో ఫెయిలు.

"అదెందుకు తప్పిందండీ?" అంది మా ఆవిడ.

"సౌండు కార్డు భాష సిస్టానికి రాదు. సిస్టం భాష కార్డుకి రాదు. మధ్యలో ఇద్దరికీ నచ్చజెప్పేదాన్ని డ్రైవర్ అంటారు. అది లేదు."

"అంటే పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఆయనలాగా."

"అంతే అనుకో."

"అయితే కుదిరాక కూడా గొడవలుంటాయి" అందామె. ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు ఉండేది. దాని యజమాని కంప్యూటరుకు ఏ జబ్బొచ్చినా ఒకటే మందు రాసేవాడు. తెర మసకబారినా, మౌసు మొరాయించినా, కరెంటు పోయినా కూడా ఆయన నోట వచ్చేది ఒకటే మాట.

"ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ" అన్నాడు నా కథంతా విని.

"అన్నీ తుడిచేసి మళ్ళీ మొదటినుంచా? అప్పటికీ రాకపోతే?"

"ఇంకోసారి కొడదాం."

నేను ఒప్పుకోలేదు. ఫార్మాట్ కొడితే చప్పుడు వచ్చినా రావచ్చు, కానీ ఎందుకు రాలేదో జన్మలో తెలియదు. అప్పటికి నాకు చప్పుడు కంటే ఆ కారణం మీదే ఎక్కువ మోజు పుట్టింది. ఆయన సెంటరులోనే కూర్చుని మా కార్డు పేరు పెట్టి ప్రపంచమంతా వెదికాను. ఒక్కో పేజీ తెర మీదకి దిగేలోపు బయట రెండు పెళ్ళి ఊరేగింపులు వెళ్ళిపోయేవి. చివరికి ఎక్కడో సముద్రాల అవతల ఒకాయనకి సరిగ్గా ఇదే కార్డు, ఇదే రోగం ఉన్నట్టు కనబడింది. నా గుండె కొట్టుకున్న చప్పుడికి పక్క కుర్చీలో ఆయన ఇటు తిరిగాడు. ఆ మహానుభావుడు తన బాధ మూడు పేజీలు రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'పని అయిపోయింది, అందరికీ కృతజ్ఞతలు.' ఎలా అయిందో మాత్రం రాయలేదు. ఇన్నేళ్ళయినా ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ ఆయనకి పొలమారుతుండాలి.

వెదగ్గా వెదగ్గా సంగతి తేలింది. మా సిస్టం గుండెకాయ, అంటే కెర్నెల్ అనే అసలు ప్రోగ్రాము, పాతది. కొత్త గుండెకాయలో మా కార్డు డ్రైవర్ కూడా పెట్టి ఇస్తున్నారట. అది ఫ్లాపీల్లో పట్టదు, ఫోను తీగ మీద దిగదు. విజయవాడలో ఉన్న స్నేహితుడు దాన్ని సీడీలో ఎక్కించి మా ఊరి బస్సుకిచ్చి పంపాడు. ఆ రకంగా మా డ్రైవరును ఇంకో డ్రైవరు సీటు పక్కన పెట్టుకుని, మైలవరం మీదుగా జాగ్రత్తగా తీసుకొచ్చాడు.

గుండె మార్పిడి ఒక ఆదివారం జరిగింది. యంత్రం లేచింది. వెంటనే మౌసు పడిపోయింది. మౌసును లేపితే తెర రంగులు మారి, మా పెళ్ళి ఫొటోలో నేను వంకాయ రంగులోకి దిగాను. మా ఆవిడ తీరిగ్గా చూసి, "ఇదే బాగుంది, ఉంచండి" అంది. ఒకటి నొక్కితే ఇంకొకటి లేచేది, దాన్ని నొక్కితే మూడోది. మొత్తానికి ఒకనాటి సాయంత్రం తెర మీద వరుసలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. సౌండు పాసు. స్పీకర్ల గుబ్బ ఆ చివరిదాకా తిప్పాను.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం చాలా నాణ్యమైనది. అందులో మా గోడగడియారం మాత్రమే కాదు, పక్కింటివాళ్ళ గోడగడియారం కూడా వినబడింది. ఏం జరిగిందో కనిపెట్టడానికి మళ్ళీ కొన్నాళ్ళు పట్టింది. బళ్ళో కొత్తగా చేరిన పిల్లల్ని నోటిమీద వేలేసుకుని కూర్చోమంటాం చూడండి, ఈ డ్రైవర్ రాసినవాళ్ళు కూడా కార్డును మొదటిరోజే అలా కూర్చోబెట్టి పంపారు. మనం వెళ్ళి వేలు తియ్యమ్మా అంటే తప్ప తియ్యదు. అనాలని ఎవరికి తోస్తుంది? శబ్దం హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సరు అనే తెర తెరిచి, మీట నొక్కి వేలు తీయించాను. స్పీకర్ల గుబ్బ ఆ చివర ఉన్న సంగతి అప్పటికి మరిచిపోయాను. స్వాగతం పలికే చిన్న గంట మా గోడల సున్నం రాలేంత గట్టిగా మోగింది. వీధిలో గేదె బస్టాండు దాకా వెళ్ళాక గానీ వెనక్కి చూడలేదని చెప్పుకున్నారు.

టీచరుగారు గంట విని గుమ్మంలోకి వచ్చారు, చేతిలో డబ్బాతో.

"ముందు మీది వద్దు. మాదొకటి పెట్టి చూద్దాం" అన్నాను. మా టేపురికార్డరులో మా పెళ్ళి క్యాసెట్టు పెట్టి, దాన్నుంచి తీగ లాగి కంప్యూటరు వెనక నీలం రంగు కన్నంలో గుచ్చాను. బయటి శబ్దం లోపలికి వెళ్ళే దారి అదే. టేపురికార్డరులో సన్నాయి ఊగిపోతోంది. కంప్యూటరులో మాత్రం ఈగ ముసిరినట్టు చిన్న జుమ్మనే రొద. ఇంకేమీ లేదు. టీచరుగారు డబ్బాను మళ్ళీ కొంగు చాటుకి తీసుకున్నారు.

అక్కడినుంచి నా బతుకు డ్రైవర్ల పాలయింది. మార్చిన గుండెకాయను మళ్ళీ మార్చాను. మిక్సరులో ఉన్న మీటలన్నీ పైకెత్తాను, దించాను. డ్రైవరును తీసేసి పెట్టాను, పెట్టి తీశాను. తెర మాత్రం అన్నీ పాసే అంటుంది. ఈలోగా రెడ్డిగూడెం వైపునుంచి మామిడికాయల ఆటోలు రావడం మొదలైంది. టీచరుగారు పని సంగతి ఎత్తేవారు కాదు. స్టాఫు రూములో కనబడితే, "మీ ఇంట్లో అందరూ కులాసానా మాస్టారూ" అనేవారు. మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మూడో ప్రాణి ఏదో నాకు తెలుసు. "ఇంకా కొంచెం నలతగానే ఉందండీ" అనేవాణ్ణి.

ఇంటర్నెట్ సెంటరాయన సైకిలు మీద వెళ్తూ కిటికీలోంచి, "ఫార్మాట్ మాస్టారూ" అని వెళ్ళేవాడు. కాయలు ముదురుతున్నాయి. నాకూ పౌరుషం తగ్గింది. ఇక రేపు ఆయన్నే పిలుద్దామనుకుని, ఒక మధ్యాహ్నం ఆ తీగ పీకాను. పీకిన తీగ మొన ఎర్రగా ఉంది.

వేలితో తుడిచి వాసన చూశాను. గంధం. టార్చిలైటు తెచ్చి, బల్ల వెనక్కి దూరి, నీలం కన్నంలోకి వెలుగు కొట్టాను. లోపల పసుపు గోడలు, ఎర్రటి గడప. చిన్న గర్భగుడి.

"ఏమోయ్, ఇదేంటి?"

మా ఆవిడ వంగి చూసింది. "కుంకుమ."

"ఎవరు పెట్టారు?"

"మనింట్లో ఆయుధపూజ ఎవరు చేస్తారు, ఎదురింటి టీచరుగారు చేస్తారా? దసరాకి నేనే పెట్టాను."

"బొట్టు కన్నంలో పెడతారా ఎవరైనా?"

"పెట్టేముందు మిమ్మల్నే కదండీ అడిగాను, ఇందులో పనిచేసేది ఏదని. ముందువైపంతా వట్టి సోకు, అసలు పనంతా వెనకాలే అని గంటసేపు చెప్పారు. పనిచేసేదానికే కదా బొట్టు." కాస్త ఆలోచించి, "ఆకుపచ్చదాంట్లో మీ స్పీకరు తీగ ఉంది, అందుకని తీగ మీద పెట్టాను. నీలందానికి గంధం కొంచెం ఎక్కువైనట్టుంది" అంది.

పాపం సిస్టం మొదటినుంచీ నిజమే చెబుతోంది. డ్రైవర్ పాసు, కార్డు పాసు. దసరానాడు చేరిన ఆ గంధం దాకా దాని చూపు వెళ్ళదు.

నేను చీపురుపుల్ల కోసం లేచాను. "పూజ చేసిన బొట్టును చీపురుపుల్లతో తీస్తారా" అని మా ఆవిడ నన్ను ఆపింది. అగరుబత్తి పుల్లకు దూది చుట్టి, మందుల షాపు నుంచి తెచ్చిన స్పిరిట్‌లో ముంచి, ఆమే బల్ల కిందకి దూరి, ఆ కన్నాన్ని పసిపిల్ల చెవి శుభ్రం చేసినట్టు చేసింది. పెళ్ళి క్యాసెట్టు పెట్టాను. సన్నాయి స్పీకర్లలోంచి బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున కరెంటు కోత దాటాక టీచరుగారు డబ్బా తెచ్చారు. కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకున్నారు. అదే సమయంలో మా ఆవిడ చేయి అలవాటు కొద్దీ కుంకుమ భరిణె వైపు సాగింది. నేను చూశాను. చేయి వెనక్కి వచ్చింది.

ఫ్యాను ఆపాం. తలుపులు వేశాం. శబ్దం తీగలోంచి వెళ్తుంది కాబట్టి ఇవేవీ అక్కర్లేదు, అయినా ముగ్గురం ఊపిరి కూడా వాయిదాల మీదే తీసుకున్నాం. టేపు తిరిగింది.

"ఏంటే ఇది. ముందు ఆ లైటు వెలుగుతోందా చూడు" అంది పెద్దావిడ.

"వెలుగుతోందమ్మా, నువ్వు చెప్పు." అది టీచరుగారి గొంతే, కాకపోతే పడుచు గొంతు.

"చెప్పడానికేముంది. కాయ కడిగాక తుడవాలి. గుడ్డ మీద ఆరబెట్టి మళ్ళీ తుడవాలి. నువ్వు ఒకసారి తుడిచి అయిపోయిందంటావు, నీ సంగతి నాకు తెలుసు."

టీచరుగారు తెరకేసి చూస్తున్నారు. అక్కడ వాళ్ళమ్మగారి గొంతు గీతగా మారి, కొండలూ గుట్టలుగా నడిచి వెళ్తోంది. నలిగిన చోటు వచ్చింది. గొంతు నీళ్ళలో మునిగినట్టు మునిగి, "ఆవపిండేమో..." అని లాగి, కొంత మింగేసి, "...అంతకు మించితే చేదెక్కుద్ది" అంటూ ఒడ్డున తేలింది. ఆ తర్వాత మెంతులు, వెల్లుల్లి, నూనె, వదినగారి మీద రెండు చాడీలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఆఖరున ఠప్ మని చిన్న చప్పుడు. చక్రం ఒకటే గిర్రున తిరుగుతోంది. రీలు తెగింది.

టీచరుగారు క్యాసెట్టు వైపు చూడలేదు. నా వైపు చూశారు. నేను దాచుకొమ్మని సిస్టానికి చెప్పాను. దాని లైటు టపటపా కొట్టుకుని ఆగింది. మొదటినుంచి వినిపించమని మీట నొక్కాను.

"ఏంటే ఇది. ముందు ఆ లైటు వెలుగుతోందా చూడు."

ముగ్గురం కంప్యూటరు లైటు వైపు చూశాం. వెలుగుతోంది.

మా ఆవిడ, "ఆవపిండి కొలత పోయింది వదినా. నేను చెప్తాలే" అంది.

"కొలత ఎవరైనా చెప్తారు వదినా" అన్నారు టీచరుగారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే టీచరుగారు వాళ్ళ వసారాలో కాయలు పోయించారు. పక్కనే, నేను ఎక్కించిచ్చిన సీడీ తిప్పే పెట్టె. పెద్దావిడ ఒక మాట చెప్పగానే ఆపడం, ఆ పని చేయడం, మళ్ళీ నొక్కడం. అక్కడినుంచి ఇక్కడికి ప్రతి తిట్టూ స్పష్టంగా వినబడుతోంది. మా వసారాలో కూడా కాయలు పోసి ఉన్నాయి. మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, తుడిచిన కాయను ముక్క కొట్టబోతోంది.

"నువ్వు ఒకసారి తుడిచి అయిపోయిందంటావు, నీ సంగతి నాకు తెలుసు" అంది ఎదురింటి నుంచి ఆ గొంతు.

మా ఆవిడ కాయ పక్కన పెట్టి, గుడ్డ అందుకుని, మళ్ళీ తుడిచింది.