మంచిదానికి దాచినవి

పోల్‌గ్వెన్‌లో ఎవరింట్లోనైనా మెట్ల కింది అరలో వాన కోట్లు, బురద బూట్లు ఉంటాయి. లవ్‌డే అమ్మమ్మ ఇంట్లో మాత్రం అవి వంటింటి తలుపు వెనక ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పడి ఉండేవి. మెట్ల కింది అర బిస్కట్ డబ్బాలది. వాటిలో బిస్కట్లుంటాయని ఆశపడి మూత తీసిన మనవళ్ళెవరూ రెండోసారి మోసపోలేదు. ఒకదాంట్లో ఓక్ కాయల టోపీలు. ఒకదాంట్లో ఎండిన నాచు. ఇంకోదాంట్లో సముద్రం నున్నగా అరగదీసి ఒడ్డుకు తోసిన గాజుపెంకులు, మరోదాంట్లో కాకి ఈకలు, ఆగిపోయిన గడియారాల పళ్ళచక్రాలు. అమ్మమ్మ దేన్నీ పారేసేది కాదు.

“నేను పోయాక నా పళ్ళసెట్టు కడిగి ఏ పిస్కీ ఇంటికో మెట్లు కడుతుంది, చూస్తూ ఉండండి,” అనేవాడు ఆవిడ భర్త జోరీ తాత, టీకి వచ్చినవాళ్ళందరితో.

“మెట్లకు పనికిరాదు. అరిగిపోయింది,” అనేది అమ్మమ్మ తలెత్తకుండా.

పిస్కీలు కంటికి కనబడకుండా తిరిగే ఆ ఊరి పొట్టివాళ్ళు. రాత్రి గుర్రాల జూలుకు చిక్కుముడులు వేసేదీ, తాగి ఇంటికొచ్చేవాణ్ణి పొలంలో గుండ్రంగా తిప్పేదీ వాళ్ళే. వాళ్ళ దాయాదులు గనుల్లో ఉంటారు, రాతిగోడ వెనక నుంచి తడుతుంటారు. జోరీ తాత తగరం గనిలో పనిచేసినన్నాళ్ళూ మధ్యాహ్నం మాంసం కూరిన కజ్జికాయలాంటి పాస్టీ తిని, చివరి అంచు ముక్కను వాళ్ళ కోసం గోడవార వదిలేవాడు. నువ్వు నమ్ముతావా అని అడిగితే నవ్వేవాడు. వదలని రోజు ఒక్కటైనా ఉందా అంటే మాట మార్చేవాడు.

డబ్బాల్లోని సరుకుతో అమ్మమ్మ పిస్కీల బొమ్మలు, మంత్రగత్తెల బొమ్మలు చేసేది. ఆవిడ చేతిలో ఆ పొట్టివాళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ కట్టుకున్నారు. రాతికి అంటుకుని బతికే నత్త చిప్ప వాళ్ళకు ఇంటి కప్పు. దర్జీ వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ మంత్రగత్తె కాగు. గుట్ట మీది హీథర్ పొద పుల్లలు నాలుగు కట్టకడితే ఆవిడ ఎగిరే చీపురు. అన్నిటికీ మించి ముఖాలు. పెసరగింజంత పూస మీద పాత మేజోడు గుడ్డ లాగి కట్టి, రెండు గసగసాలు కళ్ళుగా అతికి, మూతికి ఒక్క కుట్టు వేసేదో లేదో, ఆ మంత్రగత్తె పక్కింటావిడ గుట్టంతా తెలిసినదానిలా చూసేది. రేవులోని అంగళ్ళలో వేసవికి వచ్చినవాళ్ళు ఆ ముఖాలను చూసే కొనుక్కునేవారు.

ఆ డబ్బాలన్నిటికీ వెనక, గోడకు ఆనించి, నీలం డబ్బా ఒకటి ఉండేది. అందులోవి అమ్మకానికి కావు. వాళ్ళమ్మ పెళ్ళి మేలిముసుగులో ముక్క. కుర్రతనంలో ఒక ఫ్రెంచి పడవవాడు ఇచ్చిన ఆకుపచ్చ పట్టుదారం కండె. ఆ పడవవాడెవడని తాత ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. ఏటిగట్టు దారిలో ఒక్కసారి దొరికిన లకుముకిపిట్ట ఈక. పేర్లు రాసే పెయింటరు మిగిల్చిపోయిన బంగారు రేకు. ఏ బొమ్మ మొదలుపెట్టినా అమ్మమ్మ ఆ డబ్బా తెచ్చి, మూత తీసి, కాసేపు చూసి, మళ్ళీ పెట్టేసేది.

“దీనికి వద్దులే. మంచిదానికి,” అనేది.

ఆ మంచిది ఏదో ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మూతబడిన గని గుమ్మంలో కూర్చుని, ఎవరో వదిలిన పాస్టీ అంచు తింటున్న ముసలి పిస్కీ. గనిలో పని ఆగిపోయినా అలవాటుకొద్దీ అక్కడే ఉండిపోయిన ముసలిది. చెయ్యి ఇంకా బాగా తిరిగాక చేద్దామనుకుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చేద్దామనుకుంది. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండానే తర్వాత చేద్దామనుకుంది.

గురువారాలు ప్రార్థన మందిరం వెనక గదిలో ఆడవాళ్ళు బల్ల చుట్టూ చేరేవారు. కుంకుమపువ్వు బన్నులు, టీ, ఊరి కబుర్లు, ఎవరి డబ్బాలు వాళ్ళవి. ఆ బల్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి బొమ్మ పూర్తయినా అది బల్ల చుట్టూ తిరగాలి, చేతిలోకి తీసుకున్న ప్రతి మనిషీ దానిలో ఒక తప్పు చెప్పాలి. తప్పులేని బొమ్మ కనబడితే పిస్కీలకు కన్ను కుడుతుందనీ, ఎత్తుకుపోతారనీ పాతకాలం వాళ్ళు పెట్టిన మాట. పసిపిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టన్నమాట. ఎంత గొప్ప పనైనా సరే, ‘చీపురు వంకరగా ఉంది’ అనో ‘టోపీ పెద్దదైంది’ అనో అనాల్సిందే. వట్టి మెచ్చుకోలు ఎవరికంటే, సెలవులకొచ్చి బల్ల దగ్గర జిగురు పూసుకునే పరాయి ఊళ్ళ పిల్లలకు. వాళ్ళు ఏ గడ్డిబొమ్మ చూపించినా అందరూ ఒకే మాట అనేవారు, ‘చక్కగా ఉంది బంగారూ’ అని. అంటే, నువ్వు మాలో మనిషివి కావు, నీ పనిని తూచే పని లేదు అని.

తప్పు పట్టడంలో అమ్మమ్మ నోటికి ఎదురులేదు. జెనోబియా కొత్తగా ఆ బల్లకు వచ్చినప్పుడు ఎంతో కష్టపడి ఒక మంత్రగత్తెను చేసి తెచ్చింది. అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “తుమ్మబోతున్నట్టుందే నీ మంత్రగత్తె. ముఖం విప్పెయ్,” అంది. జెనోబియా దారి పొడవునా ఏడ్చుకుంటూ పోయి, ముఖం విప్పి మళ్ళీ కుట్టింది. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒకరి వంటింట్లో ఒకరు అడగకుండా కెటిల్ పెట్టుకునేంత స్నేహితులు.

ఒక వసంతంలో అమ్మమ్మకు సూదిబెజ్జం మీద పొగ పట్టినట్టు కనిపించసాగింది. కళ్ళద్దాలు తుడిచింది. కిటికీ తుడిచింది. దీపం సరిగా లేదని తాతను తిట్టింది. చివరికి ట్రూరో పట్నంలో కళ్ళ డాక్టరు చెప్పాడు. కంటి నడిమి భాగం అరిగిపోతోంది, ఆగదు, అంచులు మాత్రం మిగులుతాయి అని. ఎక్కడ చూస్తే అక్కడే మసక. చూడనిదంతా స్పష్టం.

బస్సు దిగి వచ్చి కోటు విప్పకుండానే అమ్మమ్మ ఆ మాట చెప్పింది. “మధ్యలో పోతుందట, జోరీ. పక్కలు ఉంటాయట.”

“పెళ్ళైన నాటి నుంచీ నన్ను నువ్వు పక్కచూపే కదా చూసింది,” అన్నాడు తాత. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే ఉల్లికాడల మడి తవ్వుతూ చీకటిపడేదాకా అక్కడే ఉన్నాడు.

మర్నాడు అమ్మమ్మ నీలం డబ్బా వంటింటి బల్ల మీద పెట్టి, ఇక పెట్టేయలేదు.

మేలిముసుగు ముక్కను పట్టుకోగానే వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. చిమ్మటలు దాన్ని ఎప్పుడో తినేసి, ఆకారం మాత్రం మర్యాదగా మిగిల్చాయి. లకుముకి ఈకకు కాడ మిగిలింది, నీలం నాలుగు పోగులు. బంగారు రేకు కాగితాన్ని అంటుకుని ఊడి రాలేదు. పట్టుదారం చూడటానికి కొత్తదానిలాగే ఉంది కానీ, సూదిలోకి లాగితే పుటుక్కుమనేది. అన్నాళ్ళూ మామూలు బొమ్మలకు మామూలు సరుకు వాడి, మేలైనదాన్ని పురుగులకు పెట్టినట్టయింది.

“ఉన్నదానితోనే,” అంది అమ్మమ్మ.

ఆ వేసవంతా ఆవిడ కిటికీ పక్కనే ఉంది. కోడి గింజను చూసినట్టు తల ఒక పక్కకు వాల్చి, కంటి అంచుతో పని చేసేది. తాత పొద్దున్నే సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేవాడు. డ్రిల్లు పట్టిన వేళ్ళు సూదికి లొంగక, ఆయన తిట్టే తిట్లకు గోడ వెనక పొట్టివాళ్ళు కూడా చెవులు మూసుకుని ఉంటారు. గని గుమ్మం కుదిరింది. గోడ రాళ్ళూ, నాచూ, తలుపు మీద ఈకలో మిగిలిన నీలమూ కుదిరాయి. వాటిని వేళ్ళకు తెలుసు. పాస్టీ అంచు ముక్కను మట్టితో చేస్తానంటే తాత ఒప్పుకోలేదు. నిజమైనదాన్నే పొయ్యి మీద గట్టిపడేదాకా ఎండబెట్టి, గోటితో విరిచి ఇచ్చాడు.

మిగిలింది ముఖం. కనీసం కళ్ళు నేను పెట్టనా అని జెనోబియా ఒకరోజు మెల్లగా అడిగింది.

“నీ చేతికిస్తే తుమ్ముతుందే,” అంది అమ్మమ్మ.

గుమ్మం ఎవరైనా కట్టగలరని ఆవిడ ఉద్దేశం. ముఖం తనదైతేనే అది మంచిది, లేకపోతే ఇన్నాళ్ళు దాచింది దేనికీ కాదు. గసగసాలు వేలికొసకు అంటించుకుని, ఊపిరి బిగబట్టి అతికింది. జారినట్టనిపిస్తే తీసి మళ్ళీ అతికింది. మూతి కుట్టు వేసి, దారం కొరికి, బొమ్మను తాతకు చూపించింది.

“బాగుంది,” అన్నాడు తాత.

తాత మాటకు విలువలేదు. ఆయన అన్నీ బాగున్నాయనేవాడు, మాడిన చేపతో సహా. తేల్చాల్సింది బల్ల.

గురువారం అమ్మమ్మ దాన్ని కేకు డబ్బాలో పెట్టుకుని, తాత చెయ్యి పట్టుకోనని మొండికేసి, గోడ తడుముకుంటూ వెళ్ళింది. టీ ఇంకా పోయలేదు. డబ్బా మూత తీసి బొమ్మను ఎడమ పక్కకు జరిపింది. అక్కడ కూర్చున్నది పోస్టాఫీసు హెస్టర్, తేనె రాసిన బన్నులో కూడా తప్పు పట్టగల మనిషి.

హెస్టర్ చాలాసేపు తీసుకుంది. “గుమ్మం చక్కగా కుదిరింది, లవ్‌డే,” అంది. తప్పు చెప్పకుండానే పక్కకు జరిపేసింది.

మరచిపోయి ఉంటుందిలే అనుకుంది అమ్మమ్మ. బొమ్మ చేతులు మారుతోంది. ప్రతివాళ్ళూ నాచు గురించీ, రాళ్ళ గురించీ, ఆ ముద్దొచ్చే అంచు ముక్క గురించీ మాట్లాడి జరిపేశారు. చివరికి జెనోబియా చేతికి వచ్చింది. అమ్మమ్మ తల పక్కకు వాల్చి జెనోబియాను పట్టుకోవాలని చూసింది. శాలువా కనబడింది, చెవిపోగు కనబడింది, ముఖం ఉండాల్సిన చోట మసక ఉంది.

“చెప్పవే,” అంది.

జెనోబియా గొంతు సవరించుకుంది. “చక్కగా ఉంది, బంగారూ.”

అమ్మమ్మ చెయ్యి చాచింది. జెనోబియా బొమ్మను ఆ చేతిలో పెట్టింది. వేలికొస ముఖం మీద మెల్లగా నడిచింది. ఒక గసగసాల గింజ దవడ కింద తగిలింది. రెండోది ముఖం మీద లేనేలేదు, వెతగ్గా చెవి వెనక జుట్టులో దొరికింది. మూతి గడ్డం కింద, మెడ మీద ఉంది.

అమ్మమ్మ దాన్ని కేకు డబ్బాలో పెట్టి మూత వేసింది. “టీ పొయ్యండే ఎవరైనా. చల్లారిపోతోంది,” అంది. ఆ రోజు హెస్టర్ చేసిన మంత్రగత్తె బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. దాని టోపీ, చీపురు, ముక్కు అన్నిటికీ అందరూ తప్పులు పెట్టారు. అమ్మమ్మ వంతు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకుండా పక్కకు జరిపింది.

ఇంటికి వెళ్ళే దారిలో జెనోబియా పక్కనే నడిచింది. ఏదో చెప్పబోయింది.

“తప్పు చెప్పి ఉంటే, విప్పి మళ్ళీ కుట్టేదాన్ని కదే,” అంది అమ్మమ్మ.

మళ్ళీ కుట్టడం ఆవిడ వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. ఈసారి తాత గుమ్మం దాకా ఎదురొచ్చి పట్టుకుంటే చెయ్యి విడిపించుకోలేదు.

మరుసటి గురువారం తాత తోట బండిలో డబ్బాలన్నీ వేసుకుని మందిరం దాకా తోశాడు. అమ్మమ్మ వెనక నడుస్తూ, గుంటలున్న చోటల్లా నెమ్మదిగా తోయమని తిట్టింది. ఓక్ టోపీలు, నాచు, గాజుపెంకులు, ఈకలు అందరికీ పంచిపెట్టింది. ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పింది. దాచొద్దు, రేపే వాడండి, పురుగులకు పెట్టొద్దు. అందరూ అలాగేనన్నారు. చివరికి నీలం డబ్బాలో మిగిలిన ఆకుపచ్చ పట్టుదారం కండెను జెనోబియా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

జెనోబియా ఇంటికెళ్ళి దాన్ని దీపం కింద పెట్టి చూసింది. చేతిలో ఒక మంత్రగత్తె సగం కుట్టి ఉంది. దాని గౌనుకు ఆ రంగు సరిగ్గా సరిపోతుంది. ఒక పోగు లాగింది. అది తెగింది. మిగిలిన దారాన్ని పల్చటి కాగితంలో చుట్టి, తన డబ్బాల్లో అడుగుదాంట్లో పెట్టింది. దీనికి వద్దులే అనుకుంది.

శీతాకాలం వచ్చేసరికి అంచులు కూడా కుంచించుకుపోయాయి. అమ్మమ్మ ఇప్పుడు కిటికీ దగ్గర ఊరికే కూర్చునేది. కేకు డబ్బా అరలో ఎక్కడో ఉంది, దాన్ని అడగలేదు. ఒక సాయంత్రం జెనోబియా వచ్చి, అలవాటుగా కెటిల్ పెట్టింది.

“నా పట్టుదారం వాడావా?” అని అడిగింది అమ్మమ్మ.

“వాడాను.”

“దేనికి?”

“మంత్రగత్తె గౌనుకు.”

“బల్ల తిరిగిందా? ఏమన్నారు?”

జెనోబియా కప్పులు బల్ల మీద పెడుతూ ఆగింది. తాత పత్రిక వెనక నుంచి తలెత్తాడు.

“తుమ్మబోతున్నట్టుందన్నారు,” అంది జెనోబియా.

అమ్మమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో పాత కరకు వినిపించింది.

“అయితే విప్పెయ్,” అంది.

విప్పేస్తానంది జెనోబియా.