నెమలి అంచు గుడ్డ

ఈ ఉదయం ఒంగోలు బస్టాండులో దిగగానే వేపపూత వాసన గుప్పుమంది. శివరాత్రి ఇంకా రానే లేదు, అప్పుడే పూతేమిటని తలెత్తి చూశాను. ఇలా తలెత్తి చూసే జబ్బు నాకు రాజ్యలక్ష్మి మేడం అంటించిందే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో గుంటూరులో నా ఎం.ఫిల్.కు ఆవిడే గైడు. ఎండలు మారేకొద్దీ చెట్లు పూసే వేళా మారుతోందా అన్నది మా పరిశోధన. పెదకాకాని దగ్గర మిరపచేల మధ్య ఒక ఊళ్ళో నాలుగు వేపచెట్లు ఎంచుకున్నాం. మొగ్గ తొడిగినప్పటి నుంచి పూత రాలిపోయేదాకా గుర్తుపెట్టిన కొమ్మలనే చూడాలి. ఆ వరస మధ్యలో తెగితే ఆ ఏడాది శ్రమంతా వృథా. ఇంకో ఏడాది చదువుతానంటే మా నాన్న ఒప్పుకోరు. గుర్తుల కోసం మేడం తన పాత ఎర్రచీర అంచు చించేశారు. అది ఒక్క చెట్టుకే సరిపోతే మిగతా వాటికి సున్నం పూశాం.

మళ్ళీ వెళ్ళేసరికి ఆ చెట్టు నిండా ఎర్రగుడ్డలు, పసుపుగుడ్డలు, గాజులు. పట్నం టీచరమ్మ మొక్కు కట్టి వెళ్ళిందని ఊరంతా పాకిందట. నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్నీ విప్పేద్దామన్నాను. మేడం నవ్వాపుకోలేక చెట్టుకు ఆనుకున్నారు.

"వాళ్ళ మొక్కులు విప్పడానికి మనమెవరమే? నా చీర నెమలి అంచు నాకు తెలీదా? వెతుకుదాం పద."

వెతికి పట్టుకున్నాం. ఉగాది మర్నాడు వెళితే సున్నం పూసిన చెట్లకు చేతికందే పూతంతా మాయం. పచ్చడి మా ఇళ్ళలోనూ చేసుకున్నాం, అయినా ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు. మొక్కుల చెట్టు దగ్గరికి పరుగెత్తాను. పూత చెక్కుచెదరలేదు. ఆ ఒక్క చెట్టుతోనైనా నా లెక్క నిలబడుతుంది.

"అమ్మవారి చెట్టు మీద చెయ్యెవరేస్తారమ్మా?" అంది అక్కడ దీపం పెడుతున్న ముసలమ్మ.

పూత రాలిపోయాక, లెక్కంతా ముగిశాక, మేడం సంచిలోంచి ఆ చీర అంచులో మిగిలిన చివరి ముక్క తీసి కొమ్మకు కట్టారు. ఇంకా చూసేదేముంది మేడం అని అడిగాను.

"ఇది చూడ్డానికి కాదు. నువ్వు గట్టెక్కాలని."

జీవితమంతా సైన్సు చెప్పిన మనిషి! డిగ్రీ చేతికొచ్చాక నన్ను వెంటబెట్టుకెళ్ళి, మొక్కు తీరితే విప్పాలంటూ ఆ గుడ్డ నాతోనే విప్పించారు. అంత ఇష్టంగా నా కోసం కోరుకున్నవాళ్ళు తక్కువ.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఆ గుడ్డ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది, ఏటా మొదట పూత కనిపించిన కొమ్మకు దాన్నే కడతాను. ఈ ఉదయం బస్టాండు చెట్టుకు కట్టాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి దాని పక్కనే ఎవరో ఓ పసుపుగుడ్డ కట్టి వెళ్ళారు.