కాలరక్క లేస్తే లైను ఆగుతుంది

సూపర్‌వైజరు పోస్టు పక్క మెషిను తమ్ముడికిచ్చిన రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కాలరక్కే. ఆ తమ్ముడు కుట్టిన కాలర్లకు ఒక కొస ఆకాశం చూస్తే ఇంకో కొస నేల చూసేది. చెకింగ్ టేబుల్ నుంచి వెనక్కొచ్చిన అతని పీసుల్ని గుట్టుచప్పుడు కాకుండా విప్పి, సరిచేసి, మళ్ళీ అతని ముందే పెట్టేది ఈమె. ఇద్దరూ ఒకేసారి ఈ చొక్కాల ఫ్యాక్టరీలో చేరారు. పనిలో అతను ఈమె కాలిగోటికి చాలడని కుట్టేవాళ్ళకీ తెలుసు, ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్ళకీ తెలుసు. తెలిసే ఇచ్చారు. అతను లేస్తే ఆ కుర్చీలో ఎవర్నైనా కూర్చోబెట్టొచ్చు. ఈమె లేస్తే లైను ఆగుతుంది.

ఆ మాట మేనేజరు దాచుకోలేదు కూడా. "నువ్వు లేస్తే మా గతేం కానమ్మా" అని నవ్వుతూ ముఖం మీదే అన్నాడు. ఆమె దాన్ని పొగడ్త అనుకుంది. పదిలంగా ఇంటికి మోసుకెళ్ళి భర్తకు చెప్పింది. స్కూలు వ్యాను తోలే మనిషి, రోజూ నాలుగు వీధులు తిరుగుతాడు, లోకం పోకడ కాస్త ఎక్కువే తెలుసు. "బాగా లాగే ఎద్దుని కాడి నుంచి ఎవడు విప్పుతాడే" అన్నాడు. ఆమె మూతి తిప్పుకుంది. ఇంకొంచెం బాగా కుడితే వచ్చేసారైనా కళ్ళబడనా అనుకుంది. బాగా కుట్టేకొద్దీ ఆ కుర్చీకి తనను తానే కుట్టేసుకుంటున్నానని ఆమెకు అప్పుడు తట్టలేదు.

చొక్కాలో చిక్కంతా మెడ దగ్గరే. మెడ వంపుగా ఉంటుంది, దానికి వేసే పట్టీ తిన్నగా ఉంటుంది. ఆ రెండింటికీ కాపురం కుదర్చాలి. ఏ కాస్త లాగినా ముడత, ఏ కాస్త వదిలినా ఉబ్బు. ఈ పని చేతికి వచ్చినవాళ్ళు లైనుకి ఒక్కరుంటే గొప్ప. అందుకే ఈమె అసలు పేరు హాజరు పట్టీకే మిగిలిపోయింది. పెద్దా చిన్నా అందరికీ ఆమె కాలరక్క.

రేకుల షెడ్డు, తల మీదికి వేలాడే ట్యూబులైట్లు, గాలికంటే ఎక్కువ నూగు విసిరే ఫ్యాన్లు. షెడ్డు చివర అద్దాల గోడ వెనక, కొత్త ఆర్డర్లకు మచ్చు చొక్కాలు కుట్టే శాంపిల్ రూమ్. బయట లైనులో ఒకరు జేబు కుడితే ఒకరు చేతులు కుడతారు, ఒకరు గుండీలు వేస్తారు. ఆ గదిలో మాత్రం గుడ్డ కత్తిరించిన మనిషే ఆఖరి గుండీ దాకా కుడతాడు. మంచినీళ్ళకు వెళ్ళినప్పుడల్లా కాలరక్క ఆ అద్దం దగ్గర నిలబడేది. లెక్కలేనన్ని చొక్కాలకు మెడలు తగిలించింది గానీ, ఇది నేను కుట్టిన చొక్కా అని చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. సూపర్‌వైజరు కుర్చీ పోయినందుకు కూడా ఆమె అంత బాధపడలేదు. ఆమెకు కావలసింది ఆ గది.

కోరికను నోటితో చెప్పి ఊరుకునే రకం కాదు. హార్డ్‌వేర్ షాపు మీద ఇరుకు గదిలో ఆదివారాలు కటింగ్ క్లాసు చెబుతారని విని చేరింది. కింద నుంచి పెయింటు వాసన, పైన కూతురి వయసు పిల్లలు. వాళ్ళ మధ్య కూర్చుని పాత న్యూస్‌పేపర్ల మీద గీతలు గీసింది, చెరిపింది, గీసింది. వారమంతా వంగిన నడుము ఆదివారం కూడా వంగింది. మానెయ్యమని ఇంట్లో అనని వాళ్ళు లేరు. ఆఖరి పాఠం దాకా మానలేదు.

మొదటి చొక్కా భర్తకు కుట్టింది. అతను దాన్ని తొడుక్కునే వ్యాను తోలాడు. సాయంత్రం వచ్చి, "చొక్కా బాగుందే, కాకపోతే బండి కుడివైపు తిరగనంటోంది" అన్నాడు. చంక దగ్గర పట్టేసిందన్నమాట. అయినా మర్నాడూ అదే వేసుకెళ్ళాడు.

ఆ చొక్కా పట్టుకుని ఆమె శాంపిల్ రూమ్ మాస్టరు దగ్గరికి వెళ్ళింది. మాటలు పొదుపుగా వాడే పెద్దాయన. చొక్కాను తిరగేసి కుట్లు చూశాడు, చంక దగ్గర వేలు పెట్టి ఎందుకు పట్టేసిందో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఆయన తలూపి, తన అసిస్టెంటు మానేస్తున్నాడనీ, ఆ చోటు ఆమెకు ఇప్పిస్తాననీ, లైను సూపర్‌వైజరు చేత వదులుతున్నట్టు సంతకం ఒక్కటి తెమ్మనీ అన్నాడు.

ఈ సంతకం సంగతి కాస్త చెప్పుకోవాలి. లైనులో మనిషి ఇంకో చోటికి వెళ్ళాలంటే ఆ లైను సూపర్‌వైజరు ఒప్పుకోవాలి. అతని ఉద్యోగం నిలిచేది టార్గెట్ మీద. టార్గెట్ నిలిచేది ఈమె చేతుల మీద. ఈమె కదలకపోతే ఎవరికి లాభమో, కదలొచ్చో లేదో చెప్పే హక్కు వాళ్ళకే. పిల్లిని పాలకుండకు కాపలా పెట్టడం అంటే ఇదే. దీన్ని అక్కడ అన్యాయమని ఎవరూ అనరు. పద్ధతి అంటారు.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. "ఈ ఆర్డరొక్కటి కానివ్వక్కా" అన్నాడు. అది అయింది. ఇంకోటి వచ్చింది. మళ్ళీ అదే మాట. ఎక్కువ రోజులు ఆపలేనని మాస్టరు కబురు పెట్టాడు.

గుండీలు వేసే వదినకు నోరెక్కువ, జాలి కూడా ఎక్కువే. అన్నం డబ్బాలు తెరిచిన వేళ కాలరక్క మెతుకు ముట్టకపోవడం చూసి, "పాలిచ్చే గేదెని ఎవడన్నా సంతకి తోలతాడా? తన్నే గేదెని తోలతాడు. నీ పని చెడితే గానీ నీ రాత బాగుపడదు, కాలరక్కా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాలరక్క నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె చెడగొట్టడం మొదలుపెట్టింది. పట్టీని వెంట్రుకవాసి ఎక్కువ లాగితే చాలు. చేతులు మొరాయించాయి. ఇన్నేళ్ళూ వద్దన్నదాన్ని ఇప్పుడు చెయ్యమంటే అవి మాత్రం ఏం చేస్తాయి. పళ్ళు బిగబట్టి లాగింది. మెడలు ముడతలు పడ్డాయి. మధ్యాహ్నానికి చెకింగ్ టేబుల్ నుంచి ఒక కట్ట వెనక్కొచ్చింది.

సూపర్‌వైజరు ఆ కట్ట పట్టుకుని గబగబా వచ్చాడు. కాలరక్క తలవంచుకుని కూర్చుంది. అతను ఆమెను దాటి వెళ్ళిపోయాడు. నేరుగా కాలర్లు ఇస్త్రీ చేసే పిన్ని దగ్గర ఆగాడు. ఆమె కొత్తగా చేరిన మనిషి, ఇంకా పర్మినెంట్ కాలేదు. వేడి ఎక్కువ పెట్టి గుడ్డ సాగదీసింది నువ్వే అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. కాలరక్క చెయ్యి తప్పుతుందన్న ఆలోచనే అతని బుర్రలోకి రాలేదు. పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నేనేం చేశాను బాబూ అని అడుగుతూ నిలబడింది.  మెషిన్లు ఆగలేదు.

నోరు మూసుకుని ఇంకో రెండ్రోజులు ఇలాగే లాగితే తమ్ముడికి అనుమానం వచ్చేదే, సంతకమూ పడేదే. ఆ సంగతి కాలరక్కకు తెలుసు. మెషిను ఆపి లేచింది.

"తమ్ముడూ, ఆ పీసులు చెడగొట్టింది నేను."

అతను నవ్వాడు. "నీ జాలిగుణం నాకు తెలీదా అక్కా. నా తప్పులు కూడా ఇలాగే నెత్తినేసుకునేదానివి."

ఆమె వాదించలేదు. గుట్టలోంచి ఒక పీసు తీసి, అతని కళ్ళెదుటే కూర్చుని, అచ్చం అలాగే చెడగొట్టి కట్ట పక్కన పెట్టింది. రెండు ముడతలూ కవల పిల్లల్లా ఉన్నాయి. అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఎందుకు చేశావు?"

"నువ్వు వదులుతావని."

అతను ఆ కట్టను చంకలో పెట్టుకున్నాడు. తర్వాత పిన్నిని పనిలోకి వెళ్ళమన్నాడు. గొంతు తగ్గించి, "ఇది పైకి చెప్పను, చెబితే నిన్ను తీసేస్తారు. కానీ శాంపిల్ రూమ్ మాట ఇంక మర్చిపో. కావాలని చెడగొట్టే చేతికి శాంపిల్ ఎట్లా ఇస్తారక్కా?" అన్నాడు.

"మరి లైను ఎట్లా ఇస్తారు?"

"నువ్వు లేకపోతే లైనెట్లా నడుస్తుంది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

శాంపిల్ రూమ్‌లోకి బయట నుంచి ఎవరినో తెచ్చారు. కొన్నాళ్ళకు మాస్టరు కూడా మానేశాడు. ఇస్త్రీ పిన్ని కాలరక్క ముఖం చూసి మాట్లాడదు. ఆమె కోపం ఆమెది, తప్పుపట్టడానికి లేదు. భర్త ఊరుకోలేక ఇంకో ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఏం కుట్టావని అక్కడివాళ్ళు అడిగారు. కాలరు అంది. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఇప్పుడే లైన్లో కూర్చో అన్నారు. శాంపిల్ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ "తర్వాత" ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తిరిగొచ్చేసింది.

ఇప్పుడామెకు సూదిలో దారం పోవాలంటే రెండు మూడుసార్లు గురి చూసుకోవాలి. కూతురికి చొక్కా కుడదామని కత్తిరించిన గుడ్డ మంచం కింద సంచిలో అలాగే ఉంది. ఎప్పుడు కుడతావని కూతురు అడగడం మానేసింది. ఆశ చచ్చిందని ఆమె ఏడవదు. ఎవరైనా పని మెచ్చుకుంటే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

ఆమెకు ఇక మంచి జరుగుతుందని రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది. కానీ చదివేవాళ్ళలో సంతకాలు పెట్టేవాళ్ళున్నారు, సంతకాల కోసం తిరిగేవాళ్ళూ ఉన్నారు. మీరు పనిచేసే చోట "ఆవిడ లేకపోతే గడవదు" అని ఎవరి గురించి అంటున్నారో వెళ్ళి ఆ మనిషిని అడగండి, ఏం కావాలని అడిగావు, ఎన్నాళ్ళయింది అని. కలం మీ చేతిలో ఉంటే వాయిదా వెయ్యకుండా సంతకం పెట్టండి, ఆ కుర్చీకి ఇంకొకరిని తయారుచేసే పని ఇవాళే మొదలుపెట్టండి. కలం మీ చేతిలో లేకపోతే ఆమెను ఒక్కదాన్నే ఆఫీసు గదిలోకి పంపకండి. నలుగురు కలిసి వెళ్ళండి. ఆమె పోతే ఎవరికి నష్టమో వాళ్ళ చేతిలో ఈ నిర్ణయం ఉండకూడదని గట్టిగా అడగండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమనండి. రాసిచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.