"గొట్టం ముట్టుకున్నావా?"

ఇనప గొట్టం ముట్టుకోకుండా రైంట్ బోస్మా మనిషినైనా ముట్టుకోడు. గ్రోనింగెన్ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఎవరిదైనా పుట్టినరోజైతే, అక్కడి ఆచారం ప్రకారం బుగ్గన మూడు ముద్దులు పెట్టే ముందు గోడ దాకా వెళ్లి హీటరు గొట్టం తడిమి వస్తాడు. పెళ్లిలో ఉంగరం తొడగమంటే చర్చి అంతా గొట్టం కోసం వెతికాడట. "నేను కాబట్టి ఆగాను," అంటుంది ఆయన భార్య.

కారణం లేకపోలేదు. ఆయన చేసే చిప్పు గోరంతైనా ఉండదు. నీరు గడ్డకట్టే చలికి ఇంకా రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీల కిందికి దించితే, అందులోని లోహపు పొరల్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. నక్షత్రాలు పుట్టే మబ్బుల నుంచి వచ్చే, పొడవు మిల్లీమీటరైనా లేని రేడియో తరంగాలను ఆ చిప్పు పట్టేస్తుంది. అంత ఘటికురాలూ, చలికాలంలో స్వెట్టరు విప్పితే చిటపటమనే కరెంటు తగిలిందా, గుటుక్కుమంటుంది. ఇనప గొట్టం ముట్టుకుంటే ఒంట్లోని ఆ కరెంటు నేలలోకి దిగిపోతుంది.

"గొట్టం ముట్టుకున్నావా?" అన్నాడొకసారి, తన దగ్గర పనిచేసే ఆఫ్కెతో.

"కాఫీ తాగడానికి కూడానా మహానుభావా?"

"అలవాటుకి సెలవులుండవమ్మాయ్."

ఆఫ్కె కాంట్రాక్టు మనిషి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శుక్రవారం కమిటీలో తేలుతుంది. బుధవారం, చిలీ టెలిస్కోపుకి వెళ్లాల్సిన చిప్పును పెట్టెలో సర్దుతుంటే కూతురికి జ్వరమని ఫోను. ఆ కంగారులో గొట్టం ముట్టుకోకుండా నేరుగా చెయ్యి పెట్టేసింది. వేలి కొసన చురుక్కుమంది. కొలిచి చూస్తే చిప్పు చచ్చింది. ఆరు వారాల పని!

ప్రయోగశాల పెద్ద హిల్కె గదిలోకి దూసుకొచ్చింది. "ఎవరిదీ నిర్వాకం?"

ఆఫ్కె నోరు తెరిచేలోగా రైంట్ లేచాడు. "నాదే. గొట్టం ముట్టుకోవడం మరిచిపోయాను."

సూర్యుడు పడమట పొడిచాడన్నా నమ్మేవాళ్లు గాని, ఈ మాట ఎవరు నమ్ముతారు? హిల్కె ఆయన్ని చూసింది, పాలిపోయిన ఆఫ్కెని చూసింది.

"నువ్వు మరిచిపోయావా?"

"వయసు మీద పడుతోంది."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ పొద్దుట్నుంచి."

"కాదు, నేనే..." అంది ఆఫ్కె.

"నువ్వుండు, పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం," అని కసిరి, హిల్కె వైపు తిరిగాడు. "నేనొక్కణ్నే ఇంకోటి చెయ్యాలంటే మళ్లీ ఆరు వారాలు. ఈ పిల్ల చెయ్యి సాయముంటే మూడే. తర్వాత నీ ఇష్టం."

హిల్కె కాగితం తీసి, ఆయన చెప్పింది చెప్పినట్టే నివేదిక రాసుకుంది.

శుక్రవారం కమిటీలో ఆ నివేదిక చదివారు. "చిప్పు పాడవడానికి కారణం: రైంట్ బోస్మా గొట్టం ముట్టుకోవడం మరిచిపోయాడు." ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆఫ్కె ఉద్యోగం కాగితం మీద ఏడు సంతకాలూ పడ్డాయి.