గుట్ట మీద నారేపి

ఆదోని పక్క ఫారెస్ట్ బీట్ ఇచ్చారని తెలిసినప్పుడు నేను సంతోషపడ్డాను. అడవి మీద ప్రేమతో కాదు, ఇల్లు దగ్గరవుతుందని. మా ఆయన ఎమ్మిగనూరులో బట్టల అంగట్లో పనిచేస్తాడు. నేను అంతకుముందు చాలా ఏళ్లు నల్లమల అంచున ఉద్యోగం చేశాను. ఎప్పుడో ఒక ఆదివారం ఇంటికొచ్చి, బట్టలు ఉతుక్కుని, ఆరీ ఆరకముందే సంచిలో కుక్కుకుని మళ్లీ బస్సెక్కే బతుకు. నలభై దాటాక ఆ తిరుగుడు ఒంటికి పడలేదు. మోకాళ్లు పట్టేసేవి. ఇక్కడైతే పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని వెళ్తే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. అంతకుమించి నేనేమీ ఆశించలేదు.

నాకు చార్జి ఇచ్చిన బీట్ ఆఫీసర్ గుట్ట కింద స్కూటర్ ఆపి, "ఇదేనమ్మా మీ అడవి" అన్నాడు. చూస్తే బోడి గుట్ట. గుండ్రటి బండలు, వాటి మధ్య బోదగడ్డి, నరికేసిన నీలగిరి మొద్దులు. ఎప్పుడో ప్రభుత్వం పెంచిన నీలగిరి తోట అది. దాన్ని తీసేసి, అంతకుముందు ఆ నేల మీద ఉండిన చెట్లనే మళ్లీ తేవాలని పైనుంచి ఉత్తర్వు. ఉండింది నారేపి చెట్ల అడవి. దాని పట్టతో నార తీసి మోకులు పేనేవారట. కర్ర బండి ఇరుసులకు పోయింది, ఆకు గొర్రెలకు పోయింది. అలా పోతూ పోతూ గుట్ట మీద చెట్టే లేకుండా పోయింది. వెనక వాగు గట్టున మాత్రం ముసలివి కొన్ని మిగిలాయి. "ఆ గింజలే ఏరుకోండి" అని చెప్పి అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ పనికి వాచర్‌గా వచ్చింది గుట్ట కింద ఊరి మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడమ్మా అనేది. వాళ్లు క్రైస్తవులు. ఆదివారం మటుకు చర్చికి పోయొచ్చాకే గుట్టెక్కేది. ఆ ఒక్క సంగతిలో ఎవరు చెప్పినా వినేది కాదు. ఏటా పత్తి తీతలు అయిపోగానే వాళ్ల వీధి వీధంతా ఇళ్లకు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. ఈ వలసను మా వైపు సుగ్గి అంటారు. ఆ ఏడు మొగుడు, కొడుకు, కోడలు సుగ్గికి పోతే ఆమె వాచర్ పని పట్టుకుని ఒక్కతే ఊళ్లో ఉండిపోయింది.

"ఒక్కదానివే ఉంటే తోస్తుందా అక్కా?" అని అడిగాను.

"తోచకేం మేడమ్మా. పెండ్లయిన కాడ్నుంచి ఎండాకాలం నా ఇంట్లో నేను పండుకున్నెది లేదు. కల్లాల్లోనే, టార్పాలిన్ పట్టల కిందనే. ఇప్పుడు తలుపేసుకోని పండుకుంటాండా. అది సాలదా?"

వాగు గట్టున రాలిన నారేపి కాయలు ఏరడం పెద్ద పని. పల్చటి రెక్కలున్న కాయలు. చేతికి దొరికేలోపల గాలి వాటిని ఎటో పట్టుకుపోయేది. సంచుల్లో మొలకేసి పెంచితే వేరు మడతపడి చెట్టు కుంగిపోతుందని, గింజలే నేరుగా వేశాం. జూలైలో ఒక వానకు మొలిచాయి. ఒక్కో ఈనెకు రెండే ఆకులు, గొర్రె గిట్టలా చీలి ఉంటాయి. లేతప్పుడు ఎర్రగా మెరుస్తాయి. మా అక్క వాటి ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూసింది. నాకూ బాగానే అనిపించింది. కానీ నల్లమలలో మొలిచీ మొలవకముందే ఎండిపోయిన టేకు తోటలు గుర్తుకొచ్చి, ఇప్పుడే మురిసిపోవద్దనుకున్నాను.

వద్దనుకున్నది మంచిదే అయింది. మార్చి వచ్చేసరికి మొక్కలన్నీ ఎండిపోయి పుల్లలు మిగిలాయి. మళ్లీ వానలకు కొన్ని చిగిర్చాయి, మళ్లీ మార్చికి ఎండిపోయాయి. రెండు వానాకాలాలు గడిచినా మొక్క జానెడు దాటలేదు. ఆ గుట్ట మీద మేం ఏం చేస్తున్నామో కింద రోడ్డున పోయేవాళ్లకు కనిపించే మార్గమే లేదు.

కనిపించింది కందకం మాత్రమే. గొర్రెలు రాకుండా గుట్ట చుట్టూ తవ్వించాం. దాంతో గొర్రెలవాళ్లకు కడుపు మండింది. అందులో ఒకాయన, నా ఈడు మనిషి, భుజాన గొంగడి, చేతిలో కొంకి కర్ర, ఒకరోజు మందను కందకం అవతల నిలబెట్టి నన్ను పిలిచాడు.

"అమ్మా, మా తాత కాలం నుంచి ఈ గుట్ట మీదనే మేపుతాండాము. ఇప్పుడు యాడికి పోవల్ల సెప్పు. మీ సెట్లు పెరిగే లోపల నా జీవాలు సస్తాయి."

"కొన్నేళ్లే అన్నా. చెట్టు నిలబడితే ఆకు మీకే కదా."

"నిలబడిన సెట్టు యాడుంది? పుల్లలకు కాపలా కాస్తాండారు మీరు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే కాబట్టి. పొద్దున నుంచి ఎండలో తిరిగి తల దిమ్మెక్కి ఉన్నాను. ఆయనతో వాదించే ఓపిక లేక, "మంద వద్దు, మనుషులు లోపలికొచ్చి గడ్డి కోసుకుపోండి. అంతవరకు నేను పైన అడిగి ఒప్పిస్తాను" అన్నాను. పైన ఒప్పుకున్నారు. గడ్డి తగ్గితే ఎండాకాలం మంట భయమూ తగ్గుతుందని నేను చెప్పిన మాట వాళ్లకు నచ్చింది. ఆ తర్వాత ఆయన, ఆయన పెండ్లాము, తమ్ముడు రోజూ వచ్చి గడ్డి మోపులు కట్టుకుపోయేవాళ్లు. మా అక్కకు, ఆయనకు మధ్య ముందు మాటల్లేవు. తర్వాత ఆయన కుండలో నీళ్లు ఆమె తాగేది, ఆమె జొన్నరొట్టె ఆయన తినేవాడు.

ఎంత కోసినా రోడ్డు పక్క గడ్డి మిగిలే ఉండింది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అక్కడ్నుంచి మంట లేచింది. ఎవరో బీడీ పారేశారో, ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు. నేను గుట్ట కింద రావి చెట్టు నీడన అన్నం డబ్బా మూత తీస్తున్నాను. "మేడమ్మా! మంట!" అని పైనుంచి అక్క కేక. చూస్తే గాలికి మంట గుట్టెక్కుతోంది. బోదగడ్డి కాలితే చప్పుడు ఎట్లా ఉంటుందంటే, వర్షం వచ్చిందేమో అనిపిస్తుంది.

ఆఫీసుకు ఫోన్ చేసి పరిగెత్తాను. అక్క అప్పటికే పచ్చి తంగేడు కొమ్మలు విరిచి మంటను కొడుతోంది. కాసేపటికి గొర్రెలాయన తమ్ముణ్ణి, ఇంకొందరిని వెంటేసుకొచ్చాడు. వరుసగా నిలబడి కొట్టాం. పొగకు కళ్లు కనబడలేదు, ఊపిరాడలేదు. బండల సందులో ఆరిందనుకున్న చోటే మళ్లీ లేచేది. చివరికి గుట్ట నెత్తిన బండలు అడ్డమొచ్చి, కాలడానికి ఏమీ లేక మంట ఆగింది. మేం ఆపామని చెప్పుకోను.

అప్పుడు చూస్తే మా అక్క ఒక బండ మీద కూలబడి ఉంది. రబ్బరు చెప్పు కరిగి కుడి పాదానికి అంటుకుపోయింది. "సెప్పు తియ్యొద్దు మేడమ్మా, తోలు వస్తాది" అంది అంతే. గొర్రెలాయన ఆమెను వీపున వేసుకుని కిందికి దించాడు. తడిపిన తువ్వాలు పాదానికి చుట్టి, నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఆదోని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయన తమ్ముడు పక్కనే బైకు మీద వస్తూ, ఆమె పడిపోకుండా ఒక చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన నన్ను చూసి నీళ్లు కాచి పెట్టాడు. తల మూడుసార్లు రుద్దుకున్నా పొగ వాసన పోలేదు. "మానేయరాదా?" అన్నాడు అన్నం పెడుతూ. మానేస్తే ఒక్క బట్టల అంగడి జీతంతో ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వారం మా పై ఆఫీసర్ వచ్చాడు. గుట్టంతా నల్లగా ఉంది. నడుస్తుంటే బూడిద మోకాళ్ల దాకా లేచింది. ఆయన చెడ్డవాడు కాదు. గుండెకు ఆపరేషన్ అయిన మనిషి, అయినా నాతో పాటు పైదాకా ఎక్కి వచ్చాడు. ఒక చోట నిలబడి ఊపిరి తీసుకుంటూ, "పోయిందమ్మా. ఇక దీన్ని పట్టుకుని వేలాడలేం. దున్నించేసి కానుగ పెడదాం. అది తొందరగా లేస్తుంది, గొర్రె ముట్టదు" అన్నాడు.

నేను సరే అన్నాను. ఆ సరే అన్నప్పుడు నాలో ఏదో బరువు దిగింది కూడా. ఇక ఈ పుల్లలను చూడక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు అనుకున్నాను.

మే నెలలో పెద్ద నాగలి కట్టిన ట్రాక్టర్ వచ్చింది. కింది వాలు నుంచి మొదలుపెట్టి లోతుగా చాళ్లు తీస్తూ పోయింది. రెండో రోజుకు సగం వాలు అయిపోయింది. నేను రావొద్దన్నా వినకుండా అక్క పాదానికి కట్టు, చంకలో కర్రతో వచ్చి ఒక చాలు గట్టున కూర్చుంది. ఏం చూస్తోందో నేను పట్టించుకోలేదు.

"మేడమ్మా, ఇట్రా ఒగసారి."

వెళ్లాను. నాగలి కోసిన మట్టిలో ఒక వేరు బయటపడి ఉంది. పైన కాలిన పుల్ల అగరబత్తంత లావు. దాని కింద వేరు మాత్రం నా బొటనవేలంత ఉంది, నిలువునా నేలలోకి దిగిపోయింది. అక్క గోటితో గీకింది. లోపల తెల్లగా, తడిగా ఉంది.

"ఇది సచ్చిందా?" అని నన్నే అడిగింది.

నాకేం తెలుసు? పలుగు తీసుకుని పక్కన తవ్వాను. చెయ్యి భుజం దాకా దించినా చివర అందలేదు. ఇంకో పుల్ల దగ్గర తవ్వాను. అక్కడా అంతే. మూడోది నిజంగానే చచ్చింది, చేత్తో పట్టుకుంటే పొడిగా విరిగింది. నాలుగోది మళ్లీ తడి. ఇన్నాళ్లూ మేం పైన పుల్లలను చూసి ఏడుస్తుంటే, అవి కింద నీళ్ల కోసం దిగుతూ ఉన్నాయి. ఆ మట్టిలో కూర్చుని మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు సంతోషం కంటే ముందు నీరసం వచ్చింది. అయ్యో, ఇంకా అయిపోలేదా అని.

ట్రాక్టర్ మళ్లీ తిరిగి వస్తోంది. లేచి వెళ్లి దాని ముందు నిలబడ్డాను. డ్రైవర్ తల బయటికి పెట్టి, "ఏంది మేడం, అడ్డమొస్తాండారు?" అని అరిచాడు.

"ఆపప్పా. ఫోన్ చేయనీ."

ఆఫీసర్ ఫోన్‌లో అంతా విన్నాడు. "మీరే కదమ్మా సరే అన్నది" అన్నాడు తర్వాత.

"అన్నాను సార్. అప్పుడు వేరు చూడలేదు. ఒక్క వానాకాలం చూద్దాం సార్, మిగిలిన సగం వదిలేయండి."

"చిగురు రాకపోతే పైకి జవాబు నేను చెప్పాలి."

"తెలుసు సార్."

నిట్టూర్చాడు. "సరే, ఆపించండి" అన్నాడు. అంతే. పెద్ద పోట్లాటేమీ జరగలేదు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. జూలై అయిపోయింది, ఆగస్టు సగం అయిపోయింది. రోజూ పొద్దున ఎమ్మిగనూరులో స్కూటర్ తీస్తూ ఆకాశం వంక చూడటం, మధ్యాహ్నం గుట్ట మీద నల్ల పుల్లల మధ్య తిరగడం. గొర్రెలాయన ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేదాన్ని. ఆయనే పిలిచి, "వానొస్తే లేస్తాయిలేమ్మా" అనేవాడు. పుల్లలకు కాపలా అన్న మనిషే. ఆ మాట ఆయనకు గుర్తుందో లేదో.

వాన పడిన కొన్నాళ్లకు చిగుళ్లు వచ్చాయి. అన్నిటికీ కాదు. కొన్నిచోట్ల గుంపుగా, కొన్నిచోట్ల అక్కడొకటి ఇక్కడొకటి. ఒక్కో మొదలు నుంచి రెండు మూడు ఎర్రటి కొమ్మలు. దున్నిన సగంలో కానుగ పెట్టాం. అది తొందరగానే ఎదిగింది. ఇప్పుడు పెద్దవాళ్లు ఎవరొచ్చినా ఆ కానుగ నీడలోనే ఫోటోలు దిగుతారు. మా సగం వైపు చెయ్యి చూపిస్తే, "అక్కడేముంది, గడ్డే కదా" అంటారు. మొదట్లో వివరించేదాన్ని, ఇప్పుడు మానేశాను. ఆఫీసర్ రిటైరయ్యాడు. పోయేముందు ఒకసారి వచ్చి, గడ్డి మధ్య వంగి ఒక మొక్కను వేళ్ల మధ్య పట్టుకుని చూసి దిగిపోయాడు.

మా అక్క కాలు పూర్తిగా బాగుపడలేదు. మడమ దగ్గర తోలు బిగుసుకుపోయి గుట్టెక్కడం కష్టమైంది. ఒక ఏడాది ఎట్లాగో నెట్టుకొచ్చి, మానేసింది. ఇప్పుడు మళ్లీ అందరితో పాటు సుగ్గికి పోతోంది. కోత కోయలేదు కాబట్టి పట్ట కింద కూర్చుని మిరపకాయలు ఏరుతుంది. పోయిన నెల అక్కడ్నుంచి ఫోన్ చేసింది. వెనక ఎవరో దగ్గుతున్నారు.

"యామంత లేసినాయి మేడమ్మా మన సెట్లు?"

"నడుమంత ఉన్నాయక్కా, బాగున్నాయి."

"అంతేనా?"

"అంతే."

"ఈడ చేతులు ఒకటే మంట. కొబ్బరినూనె పూసినా తగ్గల్యా" అంది. మజ్జిగలో ముంచమన్నాను. మజ్జిగ యాడుంది అంది. తాళం వేసిన ఇంటి గుమ్మంలో కుక్క పిల్లలు పెట్టిందట, వెళ్లగొట్టొద్దని ఈ ఏడు సుగ్గికి పోని వాళ్ల పక్కింటామెకు చెప్పమంది. సరే అన్నాను.

ఫోన్ పెట్టేశాక గొర్రెలాయన తమ్ముణ్ణి పిలిచాను. ఎండలు ముదురుతున్నాయి, రోడ్డు పక్క గడ్డి ఇంకా కోయలేదు. ఇద్దరం కొడవళ్లు తీసుకుని అటు నడిచాం.